నెల కిందట వేసిందల్లా పడింది, ఇప్పుడు ఒక్కటీ పడటం లేదు

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: డాలస్ దగ్గర హైస్కూల్లో చదివే మీ అమ్మాయి స్కూల్ బాస్కెట్‌బాల్ టీమ్‌లో త్రీ పాయింట్ షూటర్, అంటే దూరంగా ఉండే గీత అవతల నుంచి మూడు పాయింట్ల షాట్లు (త్రీలు) వేసే అమ్మాయి. పోయిన నెల ఐదు మ్యాచుల్లో 34 త్రీలు వేస్తే 17 పడ్డాయి. తర్వాతి నాలుగు మ్యాచుల్లో 25 వేస్తే 4 పడ్డాయి. కోచ్ మోచెయ్యి పెట్టే తీరు మార్చమంటున్నారు, వాళ్ళమ్మ ఉప్పు మిరపకాయలతో దిష్టి తీశారు, అమ్మాయి ఖాళీగా ఉన్నా షాట్ వేయకుండా పాస్ ఇచ్చేస్తోంది. చెయ్యి వేడెక్కడం, అంటే వరసగా కొన్ని పడ్డాక తర్వాతిది పడే అవకాశం పెరగడం, నిజంగా ఉందా, ఈ స్లంప్ (ఏదీ పడని దశ) నుంచి బయటపడేదెలా అన్నది మీ ప్రశ్న.

నేను కాలేజీ రోజుల్లో గుంటూరులో సిమెంటు కోర్టు మీద ఆడినవాణ్ణి. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా పిల్లలకు షూటింగ్ నేర్పుతున్నాను. మోచెయ్యి జోలికి ఇప్పుడే వెళ్ళనివ్వకండి. అది ఎందుకో చెప్పాలంటే కొంచెం చుట్టు తిరిగి రావాలి.

ముందు ఆ రెండు లెక్కల్నీ కలపండి. 59 వేస్తే 21 పడ్డాయి, అంటే దాదాపు 36 శాతం. హైస్కూల్ గీత 19 అడుగుల 9 అంగుళాల దూరంలోనే ఉంటుంది, నిజమే. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ఎదురుగా 23 అడుగుల 9 అంగుళాలు, మూలల్లో 22 అడుగులు. అయినా ఆ వయసులో, అడ్డుకునే డిఫెండర్ మీదికి దూకుతుంటే 36 శాతం వేసే పిల్లను ఏ టీమైనా కళ్ళకద్దుకుంటుంది. పోయిన నెల ఆమె 50 శాతం షూటర్ కాదు, ఈ నెల 16 శాతం షూటరూ కాదు. రెండు నెలలూ 35, 36 దగ్గర ఉన్న అమ్మాయే అయ్యుండొచ్చు.

35 శాతం షూటర్ 25 వేస్తే నాలుగో అంతకన్నా తక్కువో పడే అవకాశం ఎంత? సుమారు 3 శాతం. తక్కువే కదా అంటారు. కానీ ఆమె సీజన్ మొత్తంలో నూట యాభై దాకా వేస్తుంది అనుకుందాం. అందులో ఏ పాతిక చెడ్డవో ఆ పాతికనే ఏరి మీరు నాకు రాశారు. బాగా పడ్డప్పుడు మీరు ఈ ప్రశ్న అడగలేదు.

నమ్మకం కుదరకపోతే ఇంట్లో ఒక పని చేయించండి. ఇరవై చీటీలు చించి, ఏడింటి మీద టిక్ పెట్టి డబ్బాలో వేయండి. అమ్మాయినే ఒకటి తీయమనండి, పడిందో లేదో పుస్తకంలో రాసి చీటీ మళ్ళీ డబ్బాలో వేసి కలపమనండి. అలా 150 సార్లు. గంట కూడా పట్టదు. నా దగ్గరికి వచ్చే పిల్లలందరి చేతా ఒకసారి ఇది చేయిస్తాను. ఏడు, ఎనిమిది ఖాళీ చీటీలు వరసగా వచ్చిన చోటు దాదాపు ప్రతి పుస్తకంలోనూ దొరుకుతుంది. టిక్‌లు మూడు, నాలుగు వరసగా వచ్చిన చోటూ దొరుకుతుంది. డబ్బాకి ఫామ్ లేదు, టెన్షన్ లేదు, దిష్టి తగలదు. అయినా చూస్తే సరిగ్గా ఒక షూటర్ సీజన్‌లాగే ఉంటుంది. మా ఇంట్లో అష్టాచెమ్మా ఆడేటప్పుడు మా అమ్మమ్మ వరసగా రెండు పెద్ద పందేలు పడగానే గవ్వల్ని గుప్పిట్లో ఊది, మూడోది కూడా పడుతుందని పందెం కాసేది. పడనప్పుడు ఎవరో మధ్యలో మాట్లాడారనేది. మనిషి బుర్ర వరసని చూస్తే కారణం వెతక్కుండా ఉండలేదు.

ఈ సంగతి మీద పెద్ద గొడవే జరిగింది. 1985లో థామస్ గిలోవిచ్, రాబర్ట్ వలోన్, ఏమోస్ ట్వర్‌స్కీ అనే ముగ్గురు ఒక పరిశోధన వ్యాసం రాశారు. రెండు మూడు షాట్లు పడ్డాక తర్వాతి షాట్ పడే అవకాశం పెరుగుతుందా అని వందమంది అభిమానుల్ని అడిగితే 91 మంది అవునన్నారు. తర్వాత ఫిలడెల్ఫియా 76ఎర్స్ జట్టు 1980-81 సీజన్‌లో సొంతగడ్డ మీద ఆడిన 48 మ్యాచుల షాట్లు, బోస్టన్ సెల్టిక్స్ జట్టు ఫ్రీ త్రోలు (ఫౌల్ అయ్యాక ఎవరూ అడ్డురాకుండా వేసేవి), కార్నెల్ యూనివర్సిటీ ఆటగాళ్ళతో ప్రత్యేకంగా వేయించిన షాట్లు, అన్నీ లెక్కగట్టి, అభిమానులు నమ్మినట్టు ఏమీ లేదని తేల్చారు. సెల్టిక్స్‌ని కోచ్‌గా తొమ్మిదిసార్లు ఛాంపియన్‌ని చేసిన రెడ్ అవర్‌బాక్ ఆ పరిశోధన తనకు లెక్కే కాదని కొట్టిపారేశారు. ఆడినవాళ్ళెవరూ ఒప్పుకోలేదు. లెక్కల వాళ్ళు మాత్రం ముప్పై ఏళ్ళపాటు దాన్ని వేదంలా చెప్పారు. ఇక్కడ ఒక చిన్న మాట: ఎన్‌బీఏలో మూడు పాయింట్ల గీత వచ్చిందే 1979-80లో, దాన్ని వాడటం జట్లకి అప్పటికి సరిగ్గా అలవాటే కాలేదు. అంటే ఆ 76ఎర్స్ లెక్కలో ఉన్నవి ఎక్కువగా దగ్గరి షాట్లు. త్రీల గురించి మాట్లాడేవాళ్ళు ఇది మర్చిపోతుంటారు.

తర్వాత ఆ లెక్కలోనే ఒక పొరపాటు బయటపడింది. జాషువా మిల్లర్, ఆడం సన్‌హూర్హో అనే ఇద్దరు 2018లో ప్రచురించారు. చదివినప్పుడు నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు, అంత చిన్న విషయం. మీరూ కాగితం తీసుకోండి. నాణెం మూడుసార్లు ఎగరేస్తే ఎనిమిది రకాలుగా పడొచ్చు. ప్రతి రకంలోనూ, బొమ్మ పడిన వెంటనే మళ్ళీ బొమ్మ ఎన్నోవంతు సార్లు పడిందో రాయండి. బొమ్మ-బొమ్మ-బొమ్మ అయితే పూర్తిగా, అంటే 1. బొమ్మ-బొమ్మ-బొరుసు అయితే సగం. బొమ్మ-బొరుసు-బొమ్మ, బొమ్మ-బొరుసు-బొరుసు, బొరుసు-బొమ్మ-బొరుసు, ఈ మూడింటికీ సున్నా. బొరుసు-బొమ్మ-బొమ్మకి 1. మిగిలిన రెండు రకాల్లో మొదటి రెండుసార్లలో బొమ్మే లేదు కాబట్టి లెక్కలోకి రావు. ఇప్పుడు ఈ ఆరింటి సగటు తీయండి: రెండున్నరని ఆరుతో భాగిస్తే 41.7 శాతం. నాణెం నిజాయితీగానే ఉంది, అయినా 50 రావాల్సిన చోట 42 కూడా రాలేదు!

దీని అర్థం ఏమిటంటే, ఒక్కో ఆటగాడి చిన్న వరసని విడిగా తీసుకుని, పడ్డాక మళ్ళీ ఎన్నిసార్లు పడిందని చూస్తే, లెక్క దానంతటదే కిందికి లాగుతుంది. కాబట్టి మూడు పడ్డాక కూడా ఒకడు తన మామూలు శాతమే వేశాడంటే, నిజానికి మామూలుకంటే బాగా వేసినట్టు. ఈ సవరణ చేసి పాత కార్నెల్ షాట్లనే మళ్ళీ లెక్కిస్తే, మూడు పడ్డ తర్వాతి షాట్‌కీ మూడు తప్పిన తర్వాతి షాట్‌కీ మధ్య 11 నుంచి 13 శాతం తేడా కనిపించింది. అవర్‌బాక్ మరీ మూర్ఖంగా ఏమీ మాట్లాడలేదన్నమాట.

అయితే అది ఎవరూ అడ్డురాకుండా ఖాళీ జిమ్‌లో వేసిన షాట్ల లెక్క. మ్యాచ్ సంగతి వేరు. 2014లో హార్వర్డ్ నుంచి ముగ్గురు యువ పరిశోధకులు, 2012-13 సీజన్లో కోర్టుల పైకప్పుకి బిగించిన కెమెరాలు పట్టిన 83 వేలకు పైగా షాట్లు తీసి చూశారు. కిందటి నాలుగు షాట్లలో ఎక్కువ పడ్డవాడు తర్వాతిది ఇంకా దూరం నుంచి వేస్తున్నాడు, డిఫెండర్ వాడికి ఇంకా దగ్గరగా నిలబడుతున్నాడు. షాట్ ఎంత కష్టమో అది కూడా లెక్కలోకి తీసుకుంటే, చెయ్యి వేడెక్కినందువల్ల వచ్చే లాభం 1.2 నుంచి 2.4 శాతం మధ్య తేలింది. అంటే వంద షాట్లకి ఒకటో రెండో ఎక్కువ పడతాయి. ఉంది, కానీ బెంచీ మీద కూర్చుని కళ్ళతో చూసి కనిపెట్టగలిగేంత లేదు. వరసగా మూడు పడగానే మనవాడు ముప్పై అడుగుల నుంచి ఒకటి విసిరి ఆ లాభం కాస్తా తగలేస్తాడు. నా అభిప్రాయం అడిగితే వేడి చెయ్యి ఒక నిజమైన చిన్న విషయం, దాన్ని నమ్ముకుని వేసే పిచ్చి షాట్ ఒక నిజమైన పెద్ద విషయం.

ఇక పెద్దవాళ్ళ కథలు కొన్ని చెప్తాను, మీ అమ్మాయికి చదివి వినిపించండి.

2018-19 సీజన్ మొదలై ఏడు మ్యాచులయ్యాయి. క్లే థాంప్సన్, గోల్డెన్ స్టేట్ వారియర్స్, అప్పటికే లోకంలోని అతి గొప్ప షూటర్లలో ఒకడు. 36 త్రీలు వేస్తే 5 పడ్డాయి. మీ అమ్మాయికంటే అధ్వానం. అక్టోబర్ 29న షికాగోలో ఎనిమిదో మ్యాచ్. 24 వేస్తే 14 పడ్డాయి, ఒక మ్యాచ్‌లో అన్ని త్రీలు ఎన్‌బీఏ చరిత్రలో అంతవరకూ ఎవరూ వేయలేదు. అదీ 27 నిమిషాలే ఆడి. ఇప్పుడు రెండూ కలపండి: 60కి 19. ఏ రికార్డూ కాదు, ఏ స్లంపూ కాదు, కాస్త తక్కువ రకం ఎనిమిది మ్యాచులు, అంతే. ఆ సీజన్ ముగిసేసరికి అతని లెక్క 40.2 శాతం దగ్గర ఆగింది.

అతను బద్దలు కొట్టిన రికార్డు ఎవరిదో తెలుసా? అప్పట్లో పక్కనే ఆడిన స్టెఫెన్ కర్రీది, 13 త్రీలు, 2016 నవంబర్ 7. అంతకుముందు మ్యాచ్‌లో, నవంబర్ 4న లేకర్స్ జట్టు మీద, అదే కర్రీ 10 వేస్తే ఒక్కటీ పడలేదు. వరసగా 157 మ్యాచుల్లో కనీసం ఒక్క త్రీ అయినా పడుతూ వచ్చిన వరస ఆ రాత్రి తెగింది. మూడు రోజుల తర్వాత 17కి 13. ఆ మూడు రోజుల్లో అతని మోచెయ్యి ఎక్కడికి పోయిందీ, ఎక్కడి నుంచి వచ్చిందీ?

తిరగేసి కూడా జరుగుతుంది. 2010 ఎన్‌బీఏ ఫైనల్స్ రెండో మ్యాచ్‌లో బోస్టన్ ఆటగాడు రే ఆలెన్‌కి 8 త్రీలు పడి అప్పటికి ఫైనల్స్ రికార్డు అయింది, అందులో 7 మొదటి సగంలోనే. మూడో మ్యాచ్‌లో మొత్తం 13 షాట్లు వేస్తే ఒక్కటీ పడలేదు, అందులో 8 త్రీలు. రే ఆలెన్ అంటే మామూలువాడు కాదు, మ్యాచ్‌కి చాలా గంటల ముందే కోర్టుకి వచ్చి, రోజూ అవే చోట్ల నుంచి అవే షాట్లు వేసుకునే మనిషి. క్రమశిక్షణతో ఆగేదైతే ఆయనకి ఆగేది.

జట్టు జట్టుకీ జరగొచ్చు. 2018లో హ్యూస్టన్ రాకెట్స్, పశ్చిమ విభాగం ఫైనల్ ఏడో మ్యాచ్, సగం ఆటకి 11 పాయింట్లు ముందున్నారు. ఆ ఆటలో ఏం జరిగిందో మీ టెక్సాస్‌లో ఎవర్ని అడిగినా చెప్తారు: వరసగా 27 త్రీలు తప్పాయి, మొత్తం 44కి 7. ఒక్కోటి పడే అవకాశం 35 శాతం అనుకుంటే 27 వరసగా తప్పడం లక్షకి ఒకటి లాంటిది. దీన్ని కూడా ఊరికే చీటీల డబ్బా అని నేననను. తొడ కండరం పట్టేసి క్రిస్ పాల్ ఆడలేదు, కొద్దిమందే ఎక్కువసేపు ఆడి కాళ్ళు అలిసిపోయారు, ఎదురుగా ఉన్నది మంచి డిఫెన్స్. అదృష్టం చెడ్డప్పుడు కాళ్ళు కూడా చెడితే ఇలా ఉంటుంది. అందుకే ముందు కాళ్ళు చూడమంటాను.

అన్నట్టు, షికాగోలో థాంప్సన్ నుదుటికి దెబ్బ తగిలి తలకి పట్టీ కట్టుకుని ఆడాడు. మన ఊళ్ళో అయితే మర్నాటి నుంచి టీమంతా పట్టీలు కట్టుకునేవాళ్ళు. మీ ఇంట్లో దిష్టి సంగతీ అంతే. బాగా చెడ్డ దశలో ఉన్నప్పుడు ఏం చేసినా, ఏమీ చేయకపోయినా, తర్వాతి నాలుగు మ్యాచులు మొన్నటికంటే బాగుండే అవకాశమే ఎక్కువ, ఎందుకంటే 16 శాతం ఆమె సొంత శాతం కాదు. ఆ బాగుపడటం ఎవరి ఖాతాలో పడుతుందనేదే తేడా. ఉప్పు మిరపకాయలకి పడితే నష్టం లేదు, అమ్మకి తృప్తి. మోచెయ్యి మార్చినందుకు పడితే మాత్రం ప్రమాదం, ఎందుకంటే ఆ మార్పు అలాగే ఉండిపోతుంది.

నాకు జరిగింది అదే. డిగ్రీ రెండో ఏడు, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు. మూడు మ్యాచుల్లో నాకు ఒక్కటి కూడా పడలేదు. అప్పటి మా కోచ్ ఒకాయన రాత్రికి రాత్రి నా మోచెయ్యి లోపలికి తోసి, బొటనవేలి పక్కన సున్నంతో గీత పెట్టి, బంతి అక్కడ ఆనాలన్నారు. నాలుగో మ్యాచ్‌లో రెండు పడ్డాయి. ఆయనకి ఆనందం, నాకూ ఆనందం. ఆ తర్వాత షాట్ ఎత్తిన ప్రతిసారీ నేను రింగు వైపు చూడటం మానేసి బొటనవేలి గురించి ఆలోచించేవాణ్ణి. పాత చెయ్యి తిరిగి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఈలోగా టీమ్‌లో చోటు పోయింది.

స్లంప్ అంతా భ్రమేనని మాత్రం అనుకోకండి. నిజంగా ఏదో చెడిందా అన్నది స్కోరు చూస్తే తెలియదు, తప్పిన షాట్లు చూస్తే తెలుస్తుంది. మీరు స్టాండ్‌లో కూర్చుంటారు కదా, ఒక చిన్న నోట్‌బుక్ పట్టుకెళ్ళండి. నా పుస్తకంలో ఒక వరస ఇలా ఉంటుంది: "11. ఎడమ మూల. పాస్ మీద. ఖాళీ. ముందు రింగు. నాలుగో క్వార్టర్." అంతే. పడిందా లేదా అన్నదానికంటే మిగతా అయిదు ముక్కలే నాకు ముఖ్యం. ఇరవై ముప్పై వరసలు రాశాక చూడండి.

తప్పినవి ఎక్కువగా రింగు ముందు అంచుకే తగులుతూ, అవీ రెండో సగంలోనే అయితే చెయ్యి బాగానే ఉంది, కాళ్ళలో సత్తువ లేదు. నిద్ర, తిండి, ప్రాక్టీస్ భారం చూడండి. పరీక్షలున్న నెలా ఇది? ఎడమకీ కుడికీ పోతుంటే అప్పుడు చేతి మీద అనుమానపడాలి. మంచి షూటర్ తప్పినా ముందుకో వెనక్కో తప్పుతుంది, పక్కలకి తక్కువ. ఇంకొకటి, బంతి ఎత్తు. రింగు అడ్డంగా 45 సెంటీమీటర్ల పైచిలుకు; అమ్మాయిల బంతి 23 చిల్లర. బంతి 45 డిగ్రీల కోణంలో దిగితే దానికి కనిపించే రింగు వెడల్పు 32 సెంటీమీటర్లు, ముందూ వెనకా నాలుగున్నర చొప్పున వెసులుబాటు. 35 డిగ్రీల్లో చప్పగా దిగితే 26 మాత్రమే, అంటే ఒకటిన్నర చొప్పున. భయపడుతూ వేసే షాట్ దాదాపు ఎప్పుడూ చప్పగానే వెళ్తుంది, తొందరగా వదిలేస్తారు కాబట్టి. సరిదిద్దాల్సింది ఏదైనా ఉంటే ముందు అక్కడే ఉంటుందని నా అనుభవం.

అన్నిటికంటే ముఖ్యమైన గడి "ఖాళీ" అన్నది. పోయిన నెల ఆమె ఎవరో అవతలి జట్లకి తెలియదు. 17 పడ్డాక తెలిసింది. ఇప్పుడు ఒక అమ్మాయి ఆమె మీదే అతుక్కుని ఉంటే, ఖాళీ షాట్లు సగానికి సగం తగ్గి ఉంటాయి. అప్పుడు చెయ్యి కాదు మారింది, షాట్ మారింది. దానికి మందు మోచేతి దగ్గర కాదు, కోచ్ వేయించే స్క్రీన్లలో, అంటే ఆమెకి ఖాళీ దొరికేలా తోటి అమ్మాయి డిఫెండర్ దారికి అడ్డం నిలబడటంలో, ఉంది. ఈ మాట కోచ్‌తో గొడవలా కాకుండా, ఆ నోట్‌బుక్ చేతిలో పెట్టుకుని వెళ్ళి మాట్లాడండి. సీజన్ మధ్యలో వద్దు, చేతి పని ఏదైనా ఉంటే వేసవిలో చేద్దామని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు.

పాస్ ఇచ్చేయడం సంగతి. మీ ప్రశ్నలో నాకు నిజంగా టెన్షన్ పెట్టింది ఈ ఒక్క ముక్కే. 2022 ఫైనల్స్ ఐదో మ్యాచ్‌లో కర్రీ 9 త్రీలు వేస్తే సున్నా. అంతకుముందు మ్యాచ్‌లోనే 43 పాయింట్లు వేసినవాడు. అయినా ఆ రోజు వారియర్స్ 104-94 తో గెలిచారు. ఎందుకంటే అతను తొమ్మిది వేశాడు, నాలుగు తప్పాక ఆపలేదు. బోస్టన్ వాళ్ళు అతని మీద నుంచి కళ్ళు తీయలేకపోయారు, ఆ ఖాళీలో తోటి ఆటగాడు ఆండ్రూ విగ్గిన్స్ 26 పాయింట్లు వేసుకున్నాడు. షూటర్ వేయడం మానేసిన క్షణం ఆమె డిఫెండర్‌కి సెలవు దొరుకుతుంది, వెళ్ళి లోపల ఇంకొకరి మీద పడుతుంది. అందుకని నేను పిల్లలకి లెక్క పడ్డవాటి మీద పెట్టను. "ఈ రోజు ఖాళీగా దొరికినవి ఎన్ని, అందులో వేసినవి ఎన్ని?" ఇంటికి వెళ్ళేటప్పుడు కార్లో ఈ ఒక్కటే అడగండి. ఎన్ని పడ్డాయని అడగొద్దు, అది ఆమెకే బాగా తెలుసు.

ప్రాక్టీస్‌లో వరసగా ఇరవై వేసి "నాకు వస్తోంది కదా, మ్యాచ్‌లో ఎందుకు రావట్లేదు" అని ఏడిస్తే, కర్రీ ప్రాక్టీస్‌లో వరసగా 105 త్రీలు వేశాడని 2020 డిసెంబర్ నాటి వీడియో చూపించండి. అదే మనిషి కెరీర్ మొత్తం మీద మ్యాచుల్లో నూటికి 42 దాకా వేశాడు.

వీడియో తీసి పంపుతానన్నారు. రెండు తీయండి, ఫోన్ కదలకుండా స్టాండ్ మీద పెట్టి. ఒకటి పక్క నుంచి, అమ్మాయి పాదాల దగ్గర నుంచి రింగు దాకా మొత్తం కనపడేలా. ఎత్తు అందులోనే తెలుస్తుంది. ఇంకొకటి సరిగ్గా వెనక నుంచి, పక్కలకి పోతోందో లేదో చూడటానికి. పాతిక షాట్లు, మధ్యలో ఆపి సలహాలు చెప్పకుండా. సగం ప్రాక్టీస్ మొదట్లో, సగం చివర్లో ఒళ్ళు అలిశాక. వీలైతే పోయిన నెల మ్యాచ్ వీడియో కూడా ఒకటి పెట్టండి, రెండూ పక్కపక్కన పెట్టి చూసి మళ్ళీ రాస్తాను.